మొదటిరోజు పని ఉండదు

మా పెదనాన్న దగ్గర పనికి చేరేవాళ్ళకి మొదటిరోజు పని ఉండదు. ఇటుకల దొంతి మీద గోనెసంచి మడతపెట్టి "కూర్చో" అంటాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా అక్కడ కూర్చుని జరిగేది చూడాలి. ఆ రోజు కూలి మాత్రం పూర్తిగా ఇస్తాడు. అందరూ పనిముట్లు కడుక్కునే వేళకి వచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చుని, ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు.

"ఇవాళ ఇక్కడ అందరికన్నా ఎక్కువ అలిసిపోయింది ఎవరు?"

పెదనాన్న తాపీమేస్త్రి. పదకొండుమంది ఉన్న జట్టుకి పెద్ద. మిగతా మేస్త్రులు కొత్తవాళ్ళని ఎన్నేళ్ళ అనుభవం, ఇంతకుముందు ఎవరి దగ్గర చేశావు అని అడుగుతారు. తాపీ చేతికిచ్చి నాలుగు వరసలు కట్టమంటారు. పెదనాన్నకి అది నచ్చదు.

"ఎన్నేళ్ళు చేశావంటే ఎన్నయినా చెప్తాడు, చెప్పడానికి ఏం పోయింది," అనేవాడు. "కట్టి చూపించమంటే మొదటిరోజు అందరూ చక్కగానే కడతారు, కొత్తకోడలు ఇల్లూడ్చినట్టు. పక్కవాడి అలుపు కంటికి ఆనినవాడైతే పని నేను నేర్పుకుంటాను. అది ఆననివాడికి నేను నేర్పేదేముంది?"

ఎక్కువమంది సిమెంటు బస్తాలు మోసినవాళ్ళని చూపించేవారు. అది ఎవరికైనా కనపడేదే కాబట్టి పెదనాన్న వాళ్ళని ఇంకో రోజు కూర్చోబెట్టేవాడు. ఒకాయన మాత్రం లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి విరుచుకుంటూ, "నేనే మేస్త్రీ. ఊరికే కూర్చోవడం ఇంత చాకిరీ అని నాకు ఇవాళ్టిదాకా తెలీదు," అన్నాడు. జట్టంతా పగలబడి నవ్వింది. పెదనాన్న ఆయన్ని అప్పటికప్పుడే పనిలో పెట్టుకున్నాడు.

"అబద్ధం చెప్పలేడు, నవ్వించగలడు. పదిమందిలో అలాంటివాడు ఒకడుంటే ఎండ సగం తగ్గుతుంది," అన్నాడు ఇంటికొచ్చి మా పెద్దమ్మతో. ఆ రోజునుంచి ఆయనకి అలుపు అనే పేరు ఖాయమైపోయింది. పదిహేనేళ్ళు దాటింది, ఇప్పటికీ అలుపే.

కానీ అందరికీ గుర్తుండిపోయిన జవాబు దారం అక్కది. అప్పటికి ఆమెకి ఇరవయ్యేళ్ళుంటాయి. తట్టలు మోసే పనికని వచ్చింది. రోజంతా పెదవి విప్పకుండా కూర్చుంది. సాయంత్రం పెదనాన్న అడిగితే, పై అంతస్తుకి సిమెంటు మాలు మోసే ఒక పెద్దావిడని చూపించింది. జట్టులో అందరూ ఆవిడని అత్త అంటారు.

"మెట్లెక్కడం వల్ల కాదు మేస్త్రీ. ఎక్కడం ఆవిడకి అలవాటే. పైకి వెళ్ళాక తట్ట అందుకునేవాళ్ళు చేతిలో పని వదిలి రావాలి కదా. అందాకా నెత్తిన బరువుతో నిలబడుతోంది. ఇవాళ ముప్పైసార్లు అలా నిలబడింది. నిలబడ్డప్పుడే ఆవిడ ఎడంకాలు వణుకుతోంది," అంది.

మర్నాడు పొద్దున్నే పెదనాన్న పైన, మెట్లు ముగిసేచోట, పరంజా గుంజలకి అడ్డంగా తల ఎత్తున ఒక బల్లచెక్క కట్టించాడు. ఎవరూ అందుకోనక్కర్లేకుండా తట్టని నెత్తి మీద నుంచి దాని మీదకి జరిపేసి దిగిపోవచ్చు. అత్త ఆ చెక్కని చేత్తో తడిమి చూసింది.

"ఇన్నేళ్ళ నుంచి మోస్తున్నాను, ఈ బుద్ధి నీకు పుట్టలేదేం?" అని అడిగింది.

"నాకు ఇప్పుడు మాత్రం పుట్టిందా? ఆ అమ్మాయికి పుట్టింది," అన్నాడు పెదనాన్న.

ఆ తర్వాత వాళ్ళు కట్టిన ప్రతి భవనంలోనూ మెట్ల పైన ఆ చెక్క ఉంది.

ఏడాది తిరక్కుండానే పెదనాన్న ఆమె చేతికి తాపీ ఇచ్చాడు. ఆడపిల్లకి తాపీపని ఏమిటని అడిగినవాళ్ళతో, "పట్టుకున్నది ఎవరో ఇటుకకేం తెలుసు? నువ్వు చెప్పకు," అనేవాడు. ఆమె గోడకి ఒక్కో వరస మొదలుపెట్టే ముందు ఈ మూలనుంచి ఆ మూలకి దారం లాగి కట్టి, ఒంగి చూసి, మళ్ళీ విప్పి కట్టేది. దారం కట్టందే ఆమె అన్నానికి కూడా కూర్చోదని అలుపు వెక్కిరించేవాడు. అలా దారం అయింది. నేను దారం అక్క అనేదాన్ని. ఆమె పెదనాన్నని మేస్త్రీ అనడం మానేసి బాబాయ్ అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో మాకెవరికీ గుర్తులేదు.

పెదనాన్నకి ఇంకో పద్ధతి కూడా ఉంది. మెచ్చుకోవాలంటే నలుగురిలో మెచ్చుకుంటాడు. తిట్టాలంటే మాత్రం, "ఇసుక దగ్గరికి రా," అంటాడు. ఎక్కడ పని జరిగినా ఇసుకకుప్ప కాస్త దూరంగా ఉంటుంది. అక్కడ ఇద్దరూ నిలబడి మాట్లాడుకుంటారు. ఏం అన్నాడో మూడో మనిషికి తెలియదు. తిరిగి వచ్చినవాళ్ళని ఎవరూ అడగరు. అలుపు మాత్రం, "ఇసుక తడిగా ఉందా, పొడిగా ఉందా?" అంటాడు. ఆ మాటకి తిట్లు తిన్న మనిషి కూడా నవ్వేస్తాడు.

ఆ పద్ధతిని పెదనాన్న ఒక్కసారే తప్పాడు. ఆ రోజు నేనక్కడ ఉన్నాను.

లెవెల్ పైపు గురించి ముందు చెప్పాలి. అది నీళ్ళు నింపిన సన్నటి గొట్టం, లోపల నీళ్ళు బయటికి కనిపిస్తాయి. ఇద్దరు మనుషులు చెరో చివర పట్టుకుంటారు. ఒకరు తమ చివర నీళ్ళని ఒక గుర్తు దగ్గర నిలబెడితే, రెండో చివర నీళ్ళు ఎంత ఎత్తులో నిలుస్తాయో అక్కడ రెండోవాళ్ళు గోడ మీద గీత పెడతారు. నీళ్ళు ఎక్కడైనా ఒకే మట్టంలో నిలుస్తాయి కాబట్టి ఎంత దూరంలో ఉన్న రెండు గోడలైనా సమానమైన ఎత్తుకి వస్తాయి. అప్పుడు కడుతున్న ఇంటికి ఒక చివర పెదనాన్న పట్టుకున్నాడు, రెండో చివర పట్టుకుని గీతలు పెట్టింది దారం అక్క.

గోడలు లేచాక వరండా మీద దూలం ఎక్కించారు. అది ఒకవైపుకి ముప్పాతిక అంగుళం వాలింది. ఆ సమయానికి ఇంటాయన, ఆయన తీసుకొచ్చిన చుట్టాలు, ఇంజినీరు, అందరూ అక్కడే ఉన్నారు. ఇంటాయన నవ్వాడు. "మీ జట్టు పేరు గొప్పగా విన్నానే మేస్త్రీ," అన్నాడు. మా పెదనాన్న ముఖం నల్లబడిపోయింది. నాకు అప్పుడు పదిహేనేళ్ళు. అన్నం క్యారేజీ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను.

"దారం కట్టుకుంటే సరిపోదు, గీత పెట్టేటప్పుడు కళ్ళు కూడా ఉండాలి," అన్నాడు పెదనాన్న, అందరికీ వినపడేలా.

"నా వైపు నీళ్ళు గీత మీదే ఉన్నాయి బాబాయ్," అంది దారం అక్క.

"అయితే ఎవరిది తప్పు, నీళ్ళదా? నాదా? తాపీ కింద పెట్టు."

ఆమె తొట్టి దగ్గరికి వెళ్ళి తాపీ కడిగింది. కొంగుతో తుడిచి, ఇటుకల దొంతి మీద గోనెసంచి మడత మీద పెట్టింది. గేటు దాటుతూ నా దగ్గర ఆగి, "అన్నం చల్లారిపోతుంది, లోపలికి తీసుకెళ్ళు," అంది.

ఆ తర్వాత ఆమె మళ్ళీ రాలేదు. అలుపు వారంపాటు ఒక్క హాస్యమూ ఆడలేదు.

కొన్నాళ్ళకి పెదనాన్న జట్టులో కొత్త నియమం ఒకటి పెట్టాడు. లెవెల్ పైపు వాడే ముందు రెండు చివర్లనీ ఒకచోటికి తెచ్చి పక్కపక్కన నిలబెట్టాలి. రెండిట్లోనూ నీళ్ళు సమంగా ఉన్నాయో లేదో పట్టుకున్న ఇద్దరూ చూడాలి. చూసి "కలిశాయి" అని పైకి చెప్పాలి. చెప్పకపోతే పైపు కదలడానికి లేదు. వయసుతో వచ్చిన చాదస్తం అనుకున్నాం అందరం.

ఏడేళ్ళు గడిచాయి. పెదనాన్న ఎడమకంట్లో ఎప్పుడో సున్నం పడి ఆ చూపు సగమే మిగిలింది. కుడికంటితోనే నెట్టుకొచ్చాడు. పోయిన ఏడాదినుంచి అదీ మసకేసింది. ఆపరేషన్ అయింది, పెద్దగా లాభం లేదు. ఈ సంగతి ఇంట్లో మాకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. పనిలోకి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు నేను తోడు వెళ్ళేదాన్ని. చదువుకున్న పిల్ల కదా, పని చూస్తానంటోంది అని జట్టుతో చెప్పాడు. నేను ఎవరితోనూ మాట్లాడను కాబట్టి ఆ అబద్ధం నిలిచింది.

బడికి నాలుగు గదులు కట్టే పని వచ్చింది. ఆ పని చూసే ఇంజినీరు ప్లాను కాగితం చేతికిస్తే పెదనాన్న కాసేపు పట్టుకుని చూసి తలూపాడు. కాగితం తలకిందులుగా ఉంది. ఇంజినీరు మెల్లిగా దాన్ని తిప్పి చేతిలో పెట్టి, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని చెప్పాడు.

"పెద్దమేస్త్రీ, మీ మీద నాకు గౌరవం ఉంది. అందుకే ఎవరికీ చెప్పను. కానీ పిల్లలు కూర్చునే గదులు. మట్టం చూసే నమ్మకమైన మనిషిని జట్టుకి పెద్దగా పెట్టండి. మీరు పక్కన ఉండండి. సోమవారం నాటికి కుదరకపోతే నేను వేరే జట్టుని చూసుకోవాలి."

వేరే జట్టు వస్తే వీళ్ళు పదకొండుమందీ తలో దిక్కూ అయిపోతారు. అత్తని ఈ వయసులో ఎవరు పెట్టుకుంటారు? అలుపుని పెట్టుకున్నా, పని మధ్యలో ఆ కబుర్లు ఎవరు భరిస్తారు? ఆ రాత్రి అన్నం దగ్గర పెదనాన్న కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"ఉన్నవాళ్ళలో వడి ఉన్నాడు కదా," అంది పెద్దమ్మ. వడి అంటే జట్టులో అందరికన్నా వేగంగా కట్టే మేస్త్రి.

"వాడి చెయ్యి బంగారం. నోరు గాజుపెంకు. వాడి కింద అత్త వారం ఉండదు."

"అయితే మీ మనసులో ఉన్న పేరు నేను చెప్పనా?"

పెదనాన్న వేలు గీత మధ్యలో ఆగింది.

"వెళ్ళి అడగండి."

"ఇల్లెక్కడో, ఏం చేస్తోందో."

"తెలీదా? ఏడేళ్ళుగా ఆ వీధిలో అడుగు పెట్టకుండా చుట్టు తిరిగి పోతున్నారు. ఇల్లు తెలియకుండా చుట్టు ఎలా తిరుగుతారు?" అంది పెద్దమ్మ, మజ్జిగ పోస్తూ.

మర్నాడు నేనూ పెదనాన్నా బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చుని, బయటికి చూస్తున్నట్టు ముఖం అటు తిప్పుకుని చెప్పాడు. "ఆ రోజు గీత తప్పు ఆ పిల్లది కాదు అమ్మడూ. పైపులో గాలి బుడగ ఉంది."

పైపుని నింపడానికి ఒక ఓపిక కావాలట. ఒక చివర నీళ్ళలో ముంచి, రెండో చివర నోటితో పీల్చి, నీళ్ళని నిదానంగా రానివ్వాలి. ఆ పొద్దున ఇంజినీరు వచ్చేస్తున్నాడని పెదనాన్న చెంబుతో నీళ్ళు పోసేశాడు. మధ్యలో ఎక్కడో గాలి చిక్కింది. చిక్కితే రెండు చివర్లూ ఒకే మట్టం చూపించవు. రెండు నెలల తర్వాత ఇంకోచోట అలాగే తేడా వస్తే, పైపుని ఎండకెదురుగా పెట్టి చూశాడు. మడతపడ్డ చోట బొటనవేలి గోరంత బుడగ కూర్చుని ఉంది.

"మరి అప్పుడే చెప్పలేదేం పెదనాన్నా?"

"రేపు చెప్దాం అనుకున్నాను. రేపటికి, ఇంకా ఆలస్యమైందే, ఏమనుకుంటుందో అనిపించింది. రోజు గడిచేకొద్దీ అదీ గోడలాగే లేచింది. చివరికి నా ఎత్తు దాటిపోయింది."

ఆ వీధి చివరే దారం అక్క ఒక ప్రహరీగోడ కడుతోంది. తట్టలందించడానికి ఇద్దరు ఆడవాళ్ళున్నారు. గోడ పొడుగునా తెల్లటి దారం బిగించి ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. కొంచెం లావైంది, జుట్టులో అక్కడక్కడా తెలుపు. మొహంలో ఆశ్చర్యం కనపడలేదు.

"అక్కడ మెట్టుంది బాబాయ్, చూసుకోండి," అంది.

పెదనాన్న పాదం ఆ మెట్టుని వెతుక్కుని దిగింది. గోడ దగ్గరికి వచ్చి అరచేత్తో ఈ చివర్నుంచి ఆ చివరికి నిమురుతూ నడిచాడు. "సూటిగా ఉంది," అన్నాడు.

"చేత్తో చూస్తున్నారేం?"

"అలవాటు." గోడ మీంచి చెయ్యి తీశాడు. "ఇసుక దగ్గరికి వస్తావా అమ్మాయ్, ఒక మాట."

"తిట్టడానికా?"

"తిట్టించుకోవడానికి."

ఆ కుప్ప చిన్నది. పక్కనే వేపచెట్టు నీడలో నేను నిలబడ్డాను కాబట్టి అన్నీ వినపడ్డాయి. పెదనాన్న బుడగ సంగతంతా చెప్పాడు, ఏదీ దాచకుండా, ఎండకి పట్టుకుని చూసిన రోజుతో సహా. దారం అక్క గొంతుక్కూర్చుని గుప్పెడు ఇసుక తీసుకుని వేళ్ళ సందుల్లోంచి జారవిడుస్తోంది.

"రెండు నెలలకే తెలిసిందా," అంది.

"తెలిసింది."

"ఇక్కడ నాకు రెండేళ్ళు పట్టింది బాబాయ్, మళ్ళీ నా గీతని నేను నమ్మడానికి. కట్టిన దారం విప్పి కట్టి, మళ్ళీ విప్పి కట్టి, పనివాళ్ళు విసుక్కునేవాళ్ళు. నా కళ్ళకే ఏదో అయిందనుకున్నాను. ఆసుపత్రికి వెళ్ళి చూపించుకున్నాను కూడా. కళ్ళు బాగానే ఉన్నాయమ్మా అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. కళ్ళు బాగుంటే మరి తప్పెక్కడ జరిగినట్టు?"

ఆమె గొంతు పెరగలేదు. వాతావరణం గురించి చెప్తున్నట్టు చెప్పింది. పెదనాన్న తువ్వాలు భుజం మీద నుంచి తీసి, మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు.

తర్వాత బడి సంగతి ఎత్తాడు. జట్టుకి పెద్దగా రమ్మన్నాడు. సోమవారం గడువనీ చెప్పాడు. కళ్ళ సంగతి మాత్రం చెప్పలేదు. ముసలివాణ్ణయ్యాను, ఓపిక లేదు అన్నాడు.

"జట్టు మంచిది. అత్త బాగుందా?" అంది ఆమె.

"బాగుంది. ఆ చెక్క ఇప్పటికీ కడుతున్నాం."

దారం అక్క లేచి చేతులు దులుపుకుంది. "ఒకటి అడుగుతాను బాబాయ్. నన్ను ఆ మాట అన్నది ఎక్కడ?"

"అందరి ముందు."

"ఇప్పుడు చెప్పింది ఎక్కడ?"

పెదనాన్న కాళ్ళ దగ్గర ఇసుక వైపు తల దించాడు.

"మాలు గట్టిపడిపోతోంది, వెళ్ళాలి," అని ఆమె గోడ దగ్గరికి నడిచింది. వస్తాననలేదు, రాననలేదు. తిరుగు బస్సులో పెదనాన్న మళ్ళీ కిటికీ పక్కనే కూర్చున్నాడు. దిగబోయే ముందు, "నా పాఠమే నాకు అప్పజెప్పింది అమ్మడూ. ఒక్క అక్షరం పొల్లుపోలేదు," అన్నాడు.

సోమవారం పొద్దున్నే జట్టంతా బడి స్థలంలో చేరింది. పునాది గోతులు తవ్వి ఉన్నాయి. ఇంజినీరు వచ్చి, గడియారం చూసుకుంటూ, "ఎవరు మేస్త్రీ ఆ మనిషి?" అని అడిగాడు.

"ఆ మనిషి ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలీదు. వచ్చినా రాకపోయినా నేనొక మాట చెప్పాలి," అన్నాడు పెదనాన్న. చేతులు వెనక్కి కట్టుకుని, అందరూ ఎక్కడున్నారో అంచనా వేసుకున్నట్టు తల ఇటూ అటూ తిప్పి మొదలుపెట్టాడు.

"ఏడేళ్ళ కిందట దూలం వాలింది. మీకు గుర్తుంది. దారాన్ని మీ అందరి ముందూ మాటన్నాను. ఆ రోజు పైపు నింపింది నేను. తొందరపడి గాలి చిక్కించింది నేను. ఆ పిల్ల గీత సరిగ్గానే పెట్టింది. ఈ సంగతి నాకు రెండు నెలలకే తెలుసు. మీ చేత రోజూ 'కలిశాయి' అనిపించాను గానీ, ఎందుకో చెప్పలేదు. తప్పు చేసింది ఒకసారి. దాచింది ఏడేళ్ళు. ఇదీ సంగతి."

పెదనాన్న నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"మేస్త్రీ," అన్నాడు అలుపు మెల్లిగా, "వినాల్సినామె గేటు దగ్గర నిలబడి అంతా విన్నది. మీరు అటు తిరక్కుండా మా మొహాలకి చెప్తున్నారేం?"

మొదటి మాటనుంచీ ఆమె అక్కడే ఉంది. నేను చూశాను. చెప్పబోయి ఆగాను. ఆమె ఉందని తెలియకుండానే పెదనాన్న చెప్పడం మంచిదనిపించింది.

దారం అక్క లోపలికొచ్చింది. అత్త భుజం మీద ఒకసారి చెయ్యేసి, ఇటుకల దొంతి దగ్గరికి నడిచింది. గోనెసంచి దులిపి, మడతపెట్టి, దాని మీద కూర్చుంది.

"ఏమ్మా, పని మొదలుపెట్టవా?" అన్నాడు ఇంజినీరు, అర్థంకాక.

"ఈ జట్టులో మొదటిరోజు పని ఉండదండి," అంది.

ఆ పెద్దరికం తనదే అనుకున్న వడి ముఖం మాడ్చుకున్నాడు. పెదనాన్న ఆయన్ని ఇసుక దగ్గరికి తీసుకెళ్ళాడు. ఏమన్నాడో తెలియదు. తిరిగొచ్చి వడి ఎవరి జోలికీ పోకుండా రాళ్ళు పేర్చాడు.

ఆ రోజంతా ఆమె కూర్చునే ఉంది. పెదనాన్న ఎప్పటిలాగే గోతుల వెంట తిరిగాడు. రాయి వరస దగ్గర ఆగి "ఊఁ, బాగుంది," అన్నాడు. నిలువు చూసే తూకం గుండు దారం పట్టుకుని ఒక కన్ను మూసి చూశాడు. ఎవరో తట్టతో ఎదురొస్తే, వాళ్ళ అడుగుల చప్పుడు దగ్గరికొచ్చాక పక్కకి తప్పుకున్నాడు.

పని దిగే వేళకి దొంతి దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. అందరూ తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ ఇటే చూస్తున్నారు.

"చెప్పు అమ్మాయ్. ఇవాళ అందరికన్నా ఎక్కువ అలిసిపోయింది ఎవరు?"

ఆమె లేచి నిలబడింది. "ఇసుక దగ్గరికి రండి బాబాయ్," అంది.

తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఇంతవరకూ పెదనాన్నని ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఆయనని ఇంటికి తీసుకెళ్ళడానికి నేను అప్పటికే ఆ కుప్ప పక్కన కాచుకుని ఉన్నాను. నన్ను వెళ్ళమని ఎవరూ అనలేదు.

"మీరే," అంది దారం అక్క. "కనపడనిది కనపడుతున్నట్టు పొద్దున్నించి నటించారు. తట్ట మోసేదానికన్నా అది ఎక్కువ బరువు. ఎన్నాళ్ళయింది?"

"ఏడాది," అన్నాడు.

"మొన్న మెట్టు దగ్గరే అనుకున్నాను. గోడని చేత్తో చూశారు. ఇవాళ పొద్దున నేను గేటు దగ్గర నిలబడితే, మీరు తల తిప్పినా కనపడలేదు." ఆమె ఆయన తువ్వాలుకి అంటిన మట్టి దులిపింది. "నేను వచ్చింది మీ కళ్ళు పోయాయని జాలిపడి కాదు. నేను లేను అనుకుని కూడా చెప్పారు కదా, అందుకు ఉంటాను. కానీ ఒక దాపరికం పోయిందనుకుంటే రెండోది పెట్టుకున్నారు. అదీ గోడలాగే లేస్తుంది."

నేను పెదనాన్న వైపు చూశాను. బస్సులో మాట నేను ఎవరికీ చెప్పలేదు. మేస్త్రులకి పోలికలు కూడా ఒకే దొంతిలోంచి దొరుకుతాయి కాబోలు.

పెదనాన్న తొట్టి దగ్గరికి తిరిగి వెళ్ళాడు. రెండోసారి, అదే రోజు, జట్టు ముందు నిలబడ్డాడు. "నాకు కళ్ళు సరిగ్గా కనపడట్లేదు. ఏడాదయింది," అన్నాడు.

ఎవరూ నివ్వెరపోలేదు. అత్త చేతులు చీరకి తుడుచుకుంటూ అంది.

"మాకు తెలీదనుకున్నావా? నువ్వు గుండు వేసి వెళ్ళినచోటల్లా అలుపు వెనకాలే మళ్ళీ వేసి చూస్తున్నాడు. నువ్వు తిరిగే దారిలో తట్టలు పెట్టొద్దని నేను అందరికీ చెప్పాను."

"అందుకే నాకు ఏడాదిగా రెండింతల అలుపు," అన్నాడు అలుపు. "రెండో కూలి అడుగుదామంటే, ఎందుకో చెప్పాల్సొస్తుంది."

వడి తాపీ కడుగుతూ తలెత్తకుండా, "గుండు వేసింది వాడు. సరిచేసింది నేను," అన్నాడు.

పెదనాన్న నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తుడుచుకున్నాడు. సిమెంటు దుమ్ము, కళ్ళలో పడుతుంది అన్నాడు.

మర్నాడు పొద్దున నాలుగు గదుల మూలలకీ మట్టం గుర్తులు పెట్టాలి. దారం అక్క పైపు ఒక చివర బకెట్టులో ముంచి, రెండో చివర నోటితో పీల్చి, నీళ్ళు నిదానంగా వచ్చేదాకా ఆగింది. పైపు మొత్తం చేతుల మీదుగా లాగి ఎండకెదురుగా చూసింది. ఒక చివర పెదనాన్నకిచ్చింది. రెండు చివర్లూ పక్కపక్కన నిలబెట్టారు. నీళ్ళు కాసేపు ఊగి ఆగాయి. పైకి చెప్పాల్సిన మాట కోసం అందరూ నిలబడ్డారు.

పెదనాన్న తలొంచి, దగ్గరగా వంగి, ఆ నీళ్ళ వైపు చూశాడు. తర్వాత తల పైకెత్తాడు.

"నాకు ఆనట్లేదు అమ్మాయ్. నువ్వు చెప్పు."

"కలిశాయి," అంది.

పెదనాన్న తన చివరని వడి చేతికిచ్చాడు. వడి గుర్తు దగ్గర నీళ్ళు నిలబెట్టాడు. దారం అక్క రెండో చివర పట్టుకుని, గోతుల అంచుల మీదుగా నడిచి, ఆ మూల చివరికంటా వెళ్ళింది. అక్కడ పాతిన గుంజ దగ్గర కూర్చుని, నీళ్ళు ఆగేదాకా చూసి, పెన్సిలుతో గీత పెట్టింది.

"పెట్టాను బాబాయ్," అని అక్కడినుంచి కేకేసింది. "వచ్చి చూస్తారా?"

పెదనాన్న అప్పటికే ఇటుకల దొంతి మీద గోనెసంచి సర్దుకుంటున్నాడు.

"పెట్టావు కదా," అన్నాడు, కూర్చుంటూ. "పని కానివ్వండి."